సవరణ: ఫైల్ లాక్ గురించి నేను రాసింది తప్పు
మొన్న మా అమలాపురం రైస్ మిల్లు కాటా లెక్కల ప్రోగ్రామ్ గురించి రాస్తూ, ఎఫ్‌సీఎన్‌టీఎల్ (fcntl) అనే లినక్స్ కాల్‌తో ఫైల్లో కొన్ని బైట్లకు వేసిన లాక్ (ఇద్దరు ఒకేసారి రాయకుండా వేసే తాళం) ఆ డిస్క్రిప్టర్ (ఫైల్ తెరిస్తే వచ్చే నంబరు) మూసేదాకా ఉంటుందన్నాను. తప్పు నాదే. లినక్స్ మాన్యువల్ పేజీ ప్రకారం ఆ లాక్ ప్రాసెస్‌ది (అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌ది), డిస్క్రిప్టర్‌ది కాదు. అదే ఫైల్‌ని అదే ప్రాసెస్‌లో ఇంకోచోట ఏ లైబ్రరీయో చదవడానికి తెరిచి మూసేసినా సరే, ఆ ఫైల్ మీద ఆ ప్రాసెస్ వేసిన లాకులన్నీ పోతాయి, ఎర్రర్ కూడా రాదు. గట్టుకి ఒక్కచోట గండి పడితే చేలో నీళ్లన్నీ పోయినట్టు. ఫోర్క్ చేసినా, అంటే ప్రాసెస్ తన నకలుని పుట్టించినా, ఆ పిల్ల ప్రాసెస్‌కి ఈ లాకులు రావు. ఈ చిక్కు తప్పించడానికి లినక్స్ 3.15 (2014) నుంచి ఓఎఫ్‌డీ (ఓపెన్ ఫైల్ డిస్క్రిప్షన్) లాకులున్నాయి, అవి ఒక్కో ఓపెన్‌కీ విడివిడి, ఇంకోటి మూస్తే పోవు. మా ప్రోగ్రామ్ వాటికి మార్చేశాను.