మైకు ముందు ఆగిపోయిన పద్యం

మొన్న ఉగాదికి మన సంఘం జరిపిన పద్యపఠన పోటీలో పదేళ్ల అమ్మాయి ఒకతె వేమన పద్యం మూడో పాదం దగ్గర ఆగిపోయింది. "ఇంట్లో వల్లె వేయలేదా అమ్మా?" అని న్యాయనిర్ణేత మైకులోనే అడిగారు. ఆ పిల్ల తల వంచుకుని వేదిక దిగింది. ఆమె నా ఆదివారం తరగతి విద్యార్థిని. ఆ పద్యాన్నే కాగితం మీద తప్పు లేకుండా రాయగలదు. ఆ పద్యం ఛందస్సైన ఆటవెలదిలో బేసి పాదాల్లో మూడు సూర్యగణాల తర్వాత రెండు ఇంద్రగణాలు, సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే వస్తాయని గురులఘువులు గుర్తించి మరీ చూపగలదు.

ఆమె అవమానం నాకు తెలుసు. చిన్నప్పుడు నాన్నగారు అరుగు మీద నిలబెట్టి ఎక్కాలు అప్పజెప్పమంటే పదమూడో ఎక్కం దగ్గర నాకు నోరు పెగిలేది కాదు, మొట్టికాయ తప్పేది కాదు. నాయనమ్మ మాత్రం చాటలో బియ్యం పరిచి, "వేలితో రాస్తూ చెప్పు నాన్నా" అనేది. అలా రాసినది ఈనాటికీ మరవలేదు. కొత్త విషయమేదైనా చేత్తో రాసుకుంటేనే నాకు నిలుస్తుందని గ్రహించడానికి మాత్రం నలభై ఏళ్లు పట్టింది.

వల్లె వేయడాన్ని నేను తక్కువ చేయడం లేదు. వేదం నోటిమీదే నిలిచింది; ధారణ లేనిదే అవధానం లేదు. అయితే ఒక్కసారి వినగానే పట్టేసే ఏకసంథాగ్రాహి అన్న మాటతో పాటు, రెండుసార్లు, మూడుసార్లు విని పట్టే ద్విసంథాగ్రాహి, త్రిసంథాగ్రాహి అన్న మాటలనూ పెద్దలు మనకిచ్చారు. పిల్లలందరికీ ఒకే తీరున పట్టుబడదని వారికి తెలుసు.

చూసి, విని, చదివి రాసి, చేసి నేర్చుకునేవారంటూ 1992లో న్యూజిలాండ్ విద్యావేత్త నీల్ ఫ్లెమింగ్ చేసిన విభజన బడుల్లో బాగా వ్యాపించింది. కానీ పిల్లలను అలా విడదీసి, ఎవరి తీరుకు తగ్గట్టు వారికి బోధిస్తే చదువు మెరుగవుతుందనడానికి చాలినంత ఆధారం లేదని 2008లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త హెరాల్డ్ పాష్లర్ బృందం తేల్చింది. కాబట్టి ఏ బిడ్డకూ ముద్ర వేయవద్దు. ఒకే పద్యాన్ని పాడించి, రాయించి, అర్థం చెప్పించి, ఏది ఎప్పుడు నిలిచిందో ఆ బిడ్డనే గమనించుకోనిద్దాం.

వచ్చే ఉగాది పోటీ నియమాలు రాసేటప్పుడు పఠనంతో పాటు పద్యం రాయడానికీ, గణవిభజనకూ, భావం చెప్పడానికీ మార్కులు కేటాయించమని కార్యవర్గాన్ని వేడుకుంటున్నాను. ఆ నియమం వస్తే ఆ అమ్మాయిని మళ్లీ పోటీకి రమ్మని అడగడానికి వాళ్లింటికి నేనే వెళతాను.