ఆ గుమ్మం ముందు మీకేం పని?

ఆంధ్రాకు ఆనుకున్న ఒడిశా సరిహద్దు పట్టణంలో ఏం జరిగిందో ఈపాటికి అందరికీ తెలుసు. రిజిస్ట్రార్ ఆఫీసు గోడకు అంటించిన పెళ్లి నోటీసును ఎవరో ఫోటో తీశారు. సాయంత్రానికల్లా అది వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. రాత్రి రెండు వైపుల పెద్దలూ అమ్మాయి ఇంటి గుమ్మం ముందుకు వచ్చి కూర్చున్నారు. అమ్మాయిది తెలుగు హిందూ కుటుంబం. అబ్బాయిది కొండ ప్రాంతపు క్రైస్తవ కుటుంబం. పేర్లు, ఊరు మేం రాయం. తెలియాల్సినదానికన్నా ఎక్కువమందికి ఇప్పటికే తెలిసిపోయాయి. వచ్చిన పెద్దలు అడిగింది ఒక్కటే: "గుడా, చర్చా? పెళ్లికి ముందే ఏదో ఒకటి తేల్చుకోండి." మా ఇంట్లో రెండూ ఉంటాయని అమ్మాయి చెప్పింది. పెద్దలకు ఆ జవాబే తప్పయింది.

ఏదో ఒకటి తేల్చుకోవాలట! ఈ మాట మరో చోట వింటే ఇంత బాధ ఉండేది కాదేమో. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం తెలుగువాళ్ల నోట వినడమే కష్టంగా ఉంది. మనం ఎన్నడు ఒక్కటి తేల్చుకున్నాం? రాయగడ మజ్జిగౌరమ్మకు మొక్కుతాం, తిరుపతి వెంకన్నకు తలనీలాలిస్తాం, పూరీ జగన్నాథుడి మహాప్రసాదం కళ్లకద్దుకుంటాం. అమ్మవారి గుడిలో పూజ చేసేవాళ్ల పద్ధతి వేరు, మన పద్ధతి వేరు. ఆ తేడా ఎవరికీ అడ్డు రాలేదు. జ్వరం తగ్గని బిడ్డను దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించుకొచ్చిన తల్లిని నువ్వు మతం మారావా అని ఏ పెద్దమనిషీ నిలదీయలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం గజపతి జిల్లాలో సుమారు 38 శాతం మంది క్రైస్తవులు. వాళ్లతో ఒకే సంతలో బేరాలాడుతూ, ఒకే బడికి పిల్లల్ని పంపుతూ, క్రిస్మస్‌కు వాళ్లిచ్చిన కేకు తింటూ బతుకుతున్నాం. మనకు చెల్లినదే ఆ ఇద్దరు పిల్లలకు ఎందుకు చెల్లదు?

పెద్దలు చట్టం పేరు కూడా ఎత్తారని విన్నాం. సరే, చట్టమే చూద్దాం. మత మార్పిడులపై దేశంలో మొదట చట్టం చేసిన రాష్ట్రం ఒడిశా. 1967లో వచ్చిన ఆ చట్టంలో మార్పిడి అంటే ఒక మతాన్ని వదిలి మరొక మతాన్ని స్వీకరించడం. వదలడం అన్నది అందులో ముఖ్యం. ఈ అమ్మాయి దేన్నీ వదలలేదు. దీపం పెట్టడం మానలేదు, అత్తగారితో ఆదివారం ప్రార్థనకు వెళ్తానంది. ఇక్కడ మార్పిడే లేదు. ఇంకోవైపు, అదే చట్టం బలప్రయోగం అన్న మాటకు అర్థం చెబుతూ దేవుడి ఆగ్రహం పేరుతో బెదిరించడాన్నీ, సంఘం నుంచి వెలివేస్తామని బెదిరించడాన్నీ అందులో చేర్చింది. "అబ్బాయి మా మతంలోకి రాకపోతే మీ ఇంటికి ఎవరం రాం" అన్నారు ఒక పక్షంవాళ్లు. "అమ్మాయి బాప్తిస్మం తీసుకోకపోతే సంఘంలో చోటు లేదు" అన్నారు రెండో పక్షంవాళ్లు. మతం మార్పించడం కోసం వెలి భయం పెట్టింది ఎవరు? పెళ్లి చేసుకునేవాళ్లు కాదు, నీతి చెప్పడానికి వచ్చినవాళ్లే. అలా భయపెట్టి ఎవరినైనా మతం మార్పిస్తే ఏడాది వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మార్పించింది స్త్రీని, మైనర్‌ని, ఎస్సీ ఎస్టీలను అయితే శిక్ష రెండేళ్లు, జరిమానా 10,000 దాకా పోతుంది. చట్టం పేరెత్తేముందు దాన్ని ఒక్కసారి చదివి ఉంటే బాగుండేది.

ఇక ఆ నోటీసు సంగతి. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకోవాలంటే ముందు నోటీసు ఇవ్వాలి, అది ఆఫీసులో అందరికీ కనబడేలా అంటించాలి, 30 రోజులు ఆగాలి. ఈలోగా ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. కానీ దేని మీద? వరుడికి 21, వధువుకు 18 నిండాయా, ఇద్దరిలో ఎవరికైనా ఇప్పటికే పెళ్లయి భార్యో భర్తో ఉన్నారా, మతిస్థిమితం ఉందా, చేసుకోకూడని వరుసా అన్నవాటి మీదే. మతాలు వేరన్నది అభ్యంతరమే కాదు. మతాలు వేరైనవాళ్లు కూడా మారకుండా పెళ్లి చేసుకోవడానికే ఆ చట్టం ఉంది. సదుద్దేశం లేకుండా అడ్డం పడ్డవాళ్ల మీద 1,000 రూపాయల వరకు ఖర్చులు వేసే అధికారం కూడా వివాహ అధికారికి ఉంది. ఆ అధికారాన్ని వాడిన అధికారిని మేం ఇంతవరకు చూడలేదు. నోటీసు ఫోటో ఊరంతా తిరిగిందని తెలిసి కూడా ఆఫీసులో ఎవరూ నోరు మెదపలేదు. కేరళలో ఇలాగే నోటీసులు సోషల్ మీడియాలో తిప్పి మత విద్వేషానికి వాడుకుంటున్నారని 2020లో అక్కడి ప్రభుత్వం వాటిని వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేసింది. ఈ నోటీసు తప్పనిసరి కాదని, దంపతులు కోరితేనే వేయాలని 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు చెప్పింది. మన దగ్గర మాత్రం గోడ మీది కాగితం ఇంకా ఊరి పంచాయితీకి పిలుపులా పనిచేస్తోంది.

ఇద్దరి మధ్య ఇష్టం ముసుగులో మోసాలు జరుగుతున్నాయని, రెండు సంప్రదాయాల మధ్య పెరిగే పిల్లలు ఎటూ కాకుండా పోతారని కొందరి భయం. మోసం జరిగితే కేసు పెట్టండి, ఎవరూ ఆపరు. పిల్లల మాటకొస్తే, పూరీలో రథాలు సాగే పెద్ద వీధి బడదాండ మీద రథం ఎక్కడ ఆగుతుందో గుర్తు చేసుకోండి. పదిహేడో శతాబ్దపు భక్తకవి సాలబేగ తండ్రి మొగల్ సేనాని, తల్లి బ్రాహ్మణ స్త్రీ అని ఒడిశా అంతా చెప్పుకుంటుంది. గుడిలోకి ఆయనకు ప్రవేశం దొరకలేదు. ఈనాటికీ ఏటా జగన్నాథుడి నందిఘోష రథం ఆయన సమాధి ముందు ఆగి, ఆ తర్వాతే కదులుతుంది. ఆ రథం తాడు తాకడానికి ఇక్కడి నుంచి రైళ్లు పట్టుకుని వెళ్తాం. ఆయన భజనలు విని కన్నీళ్లు పెట్టుకుంటాం. రెండు మతాల ఇంట్లో పుట్టిన బిడ్డ మూడు వందల ఏళ్ల కిందటివాడైతే దండం పెడతాం. మన వీధిలో పుట్టబోతే మాత్రం ఏదో ఒకటి తేల్చుకోమంటాం. ఇది భక్తి ఎలా అవుతుంది?

ఈ తేల్చుకోమనడం ఎక్కడికి పోతుందో మనకు తెలియనిది కాదు. 2025 జూన్‌లో ఇదే రాయగడ జిల్లాలో, కాశీపూర్ బ్లాక్‌లో, ఎస్టీ అమ్మాయి ఎస్సీ అబ్బాయిని పెళ్లి చేసుకుందని ఆమె కుటుంబంలో 40 మందికి శుద్ధి పేరుతో గుండ్లు గీయించారు. అక్కడ కులం, ఇక్కడ మతం. అడిగే తీరు ఒక్కటే: మాకు లెక్క చెప్పి ఆ తర్వాత కాపురం చేయండని. ఈ ఒక్క ఇంటిని అడగనిస్తే రేపు కోడలు సవర ఇంటి పిల్ల అని అడుగుతారు, అల్లుడు దర్గాకు వెళ్తాడని అడుగుతారు, తాయెత్తు ఎందుకు కట్టావని అడుగుతారు. అడిగే హక్కు ఒకసారి ఇచ్చాక మీ గుమ్మం దగ్గర ఆపడం మీ తరం కాదు.

ఇంటి లోపలి విషయాలు ఆ ఇంటివాళ్లు చూసుకుంటారు. పెళ్లిలో మంగళసూత్రమా, ఉంగరమా, రెండూనా? బిడ్డకు అన్నప్రాశన చేస్తారా, చర్చిలో ప్రార్థన చేయిస్తారా? పోయినవాళ్లను దహనం చేయాలా, పాతిపెట్టాలా? ఇవి తేలిక విషయాలని మేం అనం. ఒక్కోసారి ఏడుపులు, అలకలు, నెలల తరబడి మాటలు లేకపోవడం కూడా ఉంటాయి. ఆస్తి చిక్కులూ ఉన్నాయి. ప్రత్యేక వివాహ చట్టం కింద వేరే మతంవారిని పెళ్లాడిన హిందువు ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్టే లెక్క. ఇన్ని బరువులు తెలిసే ఆ ఇద్దరూ ఆఫీసు మెట్లెక్కారు. పెద్దలంటే అలాంటప్పుడు ఆ తల్లిదండ్రుల పక్కన కూర్చుని ధైర్యం చెప్పాలి. వీళ్లు తలుపు తట్టి టెన్షన్ పెట్టి వచ్చారు.

పోలీసులకు కూడా ఒక మాట. ఇష్టపడి పెళ్లి చేసుకునేవాళ్లను కాపాడటానికి ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగం, 24 గంటల హెల్ప్‌లైన్ ఉండాలని, తలదాచుకునే చోటు ఏర్పాటును పరిశీలించాలని సుప్రీంకోర్టు 2018 మార్చిలోనే చెప్పింది. ఆ నంబర్ ఏమిటో ఈ పట్టణంలో ఎంతమందికి తెలుసు? ఆ కుటుంబాలకైనా ఎవరైనా చెప్పారా?

నోటీసు గడువు ఇంకా ముగియలేదు. మతం పేరుతో వచ్చే అభ్యంతరాన్ని వివాహ అధికారి ఆ రోజే కొట్టేయాలి. వెలి మాట అన్నవాళ్లను పిలిచి మాట్లాడే పని పోలీసులు ఈ వారమే చేయాలి. ఆ ఫోటోను గ్రూపుల్లో తిప్పినవాళ్లు వెంటనే తీసేయాలి. ఆ రాత్రి గుమ్మం ముందు కూర్చున్న పెద్దలు మళ్లీ ఆ ఇంటికి వెళ్లాలి. ఈసారి అడగడానికి కాదు, ఆ తల్లిదండ్రులకు క్షమాపణ చెప్పడానికి. పెళ్లినాటికైనా ఆ పని చేయలేకపోతే వచ్చే ఏడాది రథం సాలబేగ సమాధి ముందు ఆగినప్పుడు ఏ ముఖంతో చేతులు జోడిస్తారు?