అడవి గోధుమల మీద పరిశోధన దండగేనా? ఒక సందేశానికి ఖండన

కొంతకాలంగా ఒక సందేశం ఫోన్లలో తిరుగుతోంది. దాని సారం ఇది: గోధుమకు అడవి బంధువులంటూ శాస్త్రవేత్తలు వెంటపడుతున్నవి ఉత్త గడ్డి మొక్కలు, వాటినుంచి ఒక్క కొత్త పంటా రాలేదు, వాటితో కలపడమంటే జన్యుమార్పిడే, దాంతో స్వచ్ఛమైన గోధుమ చెడిపోతుంది, జన్యు సవరణ వచ్చాక వాటితో పనే లేదు. చదువుకున్నవాళ్లు కూడా దీన్ని నమ్మి పదిమందికి పంపుతున్నారు కనుక జవాబు చెప్పక తప్పదు.

ముందు ఆ 'స్వచ్ఛమైన గోధుమ' సంగతి. మిగతా పొరపాట్లకు మూలం అదే. రొట్టెలు చేసుకునే గోధుమలో 42 క్రోమోజోములుంటాయి. వాటిలో 28 ఎమ్మర్ అనే పాత గోధుమవి. మిగిలిన 14 ఈజిలోప్స్ టౌషీ అనే అడవి గడ్డివి. సుమారు 8 నుంచి 10 వేల ఏళ్ల కిందట, కాస్పియన్ సముద్రానికి దక్షిణాన, సాగులో ఉన్న ఎమ్మర్ మీద ఈ గడ్డి పుప్పొడి పడింది. ఆ సంకరం నిలదొక్కుకుని ప్రపంచమంతా పాకింది. పిండికి సాగే గుణం, రొట్టె పొంగే గుణం చాలావరకు ఆ గడ్డి ఇచ్చిన క్రోమోజోముల చలవే. అలాంటి గోధుమకు గడ్డి తగిలితే మైల అంటుకుంటుందనడం దాని పుట్టుక తెలియక అనే మాట.

ఆ కలయిక బహు అరుదుగా, చిన్న ప్రాంతంలో జరిగింది. అందువల్ల టౌషీ జాతిలో ఉన్న వైవిధ్యంలో పిడికెడు మాత్రమే గోధుమలోకి వచ్చింది. మెక్సికోలోని అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన కేంద్రం 1980ల నుంచి చేస్తున్నది ఆ పాత కలయికనే మళ్లీ మళ్లీ జరిపించడం. ఎమ్మర్ నుంచి వచ్చిన డ్యూరం గోధుమ పువ్వుకు టౌషీ పుప్పొడి అద్దుతారు. పిండం గింజలో బతకదు కనుక, కొద్దిరోజుల్లోనే దాన్ని సూక్ష్మదర్శిని కింద సూదిమొనతో బయటికి తీసి, పోషకాలున్న జెల్లీ మీద పెంచుతారు. మొలకెత్తిన మొక్క గొడ్డుది. కాల్చిసిన్ అనే రసాయనంతో క్రోమోజోములను రెట్టింపు చేస్తే గింజ కడుతుంది. ఇలా వెయ్యికి పైగా కృత్రిమ గోధుమలు తయారయ్యాయి. చైనాలోని సిచువాన్‌లో 2003లో విడుదలైన చువాన్‌మై 42 వాటి సంతానమే. దిగుబడిలోనూ, పసుపు తుప్పు తెగులును తట్టుకోవడంలోనూ పేరు తెచ్చుకుంది. దీన్ని జన్యుమార్పిడి అని సందేశంలో బెదిరిస్తున్నారు. ఇందులో జరిగింది పుప్పొడి పువ్వును చేరడం, ఆ పిండాన్ని మనిషి బతికించుకోవడం.

'ఉత్త గడ్డి' అన్న మాటలో సగం నిజముంది, దాన్ని దాచను. అడవి ఎమ్మర్ వెన్ను పండగానే కీళ్లదగ్గర విడిపోయి నేల రాలుతుంది, రైతుకు దక్కదు. రాలిన ముక్కకు రెండు పొడవాటి మీసాలుంటాయి. పగటి ఎండకు అవి విచ్చుకుంటాయి, రాత్రి చెమ్మకు దగ్గరవుతాయి. వాటిమీది సన్నని నూగు వెనక్కి జారనివ్వదు. అలా రోజూ కొంచెం కొంచెంగా గింజ తనంతట తానే మట్టిలోకి దిగుతుంది. పొలంలో పనికిరాని ఈ గుణాలు మంచి జన్యువుల వెంట అంటుకుని వస్తాయి కూడా. పొడవు గోధుమగడ్డి నుంచి ఆకు తుప్పును ఆపే ఎల్ఆర్19 జన్యువు తెస్తే, దాని పక్కనే ఉన్న మరో జన్యువు వల్ల పిండి పసుపుపచ్చగా మారింది. ఆ రెంటినీ విడదీయడానికి చాలాకాలం శ్రమించాల్సి వచ్చింది.

అయినా ఆ శ్రమ ఊరికే పోలేదు. 1956లో అమెరికా శాస్త్రవేత్త ఎర్నెస్ట్ సియర్స్ ఈజిలోప్స్ అంబెల్యులేటా అనే గడ్డిలోని తుప్పు నిరోధాన్ని గోధుమలోకి తెచ్చాడు. ఆ రెండూ నేరుగా కలవకపోతే మధ్యలో ఎమ్మర్‌ను వంతెనగా పెట్టుకున్నాడు. తర్వాత ఎక్స్‌రేలతో గడ్డి క్రోమోజోమును తెంపి, కావలసిన చిన్న ముక్క గోధుమ క్రోమోజోముకు అతుక్కున్న మొక్కను ఏరి పట్టుకున్నాడు. 2016లో బంగ్లాదేశ్ గోధుమను బ్లాస్ట్ అనే బూజు తెగులు దెబ్బతీసింది; ఆ తెగులును తట్టుకునే రకాలకు ప్రధాన ఆధారం ఈజిలోప్స్ వెంట్రికోసా అనే గడ్డి నుంచి వచ్చిన ఒక క్రోమోజోము ముక్క.

కొత్త పంటలు రాలేదన్నది కూడా తప్పే. గోధుమ, రై అనే మరో ధాన్యం కలిసి పుట్టిన ట్రిటికేల్‌ను పోలండ్ రైతులు విస్తారంగా పండిస్తున్నారు. రై అడవి మొక్క కాదంటారా? సరే, ట్రిటోర్డియం చూడండి. డ్యూరం గోధుమను చిలీ అడవి బార్లీతో కలిపి స్పెయిన్‌లో రూపొందించిన పంట అది. కెర్న్‌జా అయితే గోధుమకు దూరపు చుట్టమైన బహువార్షిక గడ్డినే నేరుగా పంటగా మలచిన ప్రయత్నం. ఒకసారి విత్తితే ఏళ్లపాటు కోతకొస్తుంది, వేళ్లు మూడు మీటర్ల లోతుకు దిగుతాయి. గింజ చిన్నది, దిగుబడి గోధుమకంటే చాలా తక్కువ. ఎంపిక మొదలై నిండా యాభై ఏళ్లు కాలేదు; గోధుమ వెనుక పదివేల ఏళ్ల ఎంపిక ఉంది.

ఇక జన్యు సవరణ. ఏ జన్యువును ఎలా సవరించాలో చెప్పేదెవరు? అడవి ఎమ్మర్ గింజలో ప్రొటీను ఎందుకు ఎక్కువో వెతుకుతూ 2006లో జీపీసీ-బీ1 అనే జన్యువును పట్టుకున్నారు. సాగు గోధుమల్లో దాదాపు అన్నిటిలోనూ అది పనిచేయని స్థితిలో ఉంది. ఆ కుటుంబపు జన్యువుల నోరు నొక్కిచూస్తే ఆకులు మూడు వారాలు ఆలస్యంగా పండాయి, గింజలో ప్రొటీను, జింకు, ఇనుము 30 శాతానికి పైగా పడిపోయాయి. అడవి మొక్క లేకపోతే మన గోధుమ ఏమి పోగొట్టుకుందో కూడా తెలిసేది కాదు.

అందుకే ఆ విత్తనాల కోసం మనుషులు అంత తాపత్రయపడ్డారు. సిరియాలోని అలెప్పో దగ్గర ఇకార్డా అనే అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రపు విత్తన నిధి యుద్ధంలో చిక్కుకున్నప్పుడు, అప్పటికే నార్వేలోని స్వాల్‌బార్డ్ మంచు గిడ్డంగికి చేర్చిన నకళ్లే దిక్కయ్యాయి. 2015లో వాటిని బయటికి తీశారు. ఆ గిడ్డంగి నుంచి విత్తనాలు తీయడం అదే మొదటిసారి. లెబనాన్‌లో, మొరాకోలో వాటిని విత్తి, పండించి, 2017 నుంచి కొత్త గింజలను మళ్లీ ఆ మంచులోకే పంపుతున్నారు.