నీళ్లమా, మనుషులమా?

వెనిస్‌కు నాలుగు రోజుల ప్రయాణం పెట్టుకునే కుటుంబం విమానం టికెట్ల ధర చూడకముందే ఒక తాత్విక ప్రశ్న తేల్చుకోవాలి: మనం నీళ్లమా, మనుషులమా? ఆ నగరం రెండింటినీ వరదగానే లెక్కకట్టి, వేర్వేరు తలుపులు పెట్టింది. మన తలుపు ఏదో తెలియకుండా బయలుదేరడం శ్రేయస్కరం కాదు.

నీళ్ల తలుపు పేరు ‘మోసే’ (MOSE). నగరం చుట్టూ ఉన్న ఉప్పునీటి సరస్సులోకి సముద్రం ప్రవేశించే మూడు చోట్ల అడుగున పడుకోబెట్టిన 78 ఉక్కు రెక్కలవి. పెద్ద పోటు వస్తోందని సూచన అందితే పైకి లేస్తాయి. 2003లో పని మొదలుపెట్టి, మధ్యలో ఒక అవినీతి కుంభకోణాన్ని కూడా విజయవంతంగా ముగించుకుని, 2020 అక్టోబరు 3న తొలిసారి పోటును అడ్డుకున్నారు. ఖర్చు 500 కోట్ల యూరోలు దాటింది. ఇంత చేసినా సముద్రం నుంచి ప్రవేశ రుసుము రాబట్టే ఉపాయం మాత్రం ఎవరికీ తట్టలేదు.

మనుషులతో ఆ చిక్కు లేదు. 2024 ఏప్రిల్ 25 నుంచి, ఎంపిక చేసిన రోజుల్లో ఉదయం 8:30కూ సాయంత్రం 4కూ మధ్య పాత నగరంలో అడుగుపెట్టే పగటి సందర్శకులు 5 యూరోలు కట్టి ఫోనులో క్యూఆర్ కోడ్ పెట్టుకోవాలి. లేకపోతే 50 నుంచి 300 యూరోల జరిమానా. తొలి ఏడాది 29 రోజులు వసూలు చేస్తే సుమారు 4,85,000 మంది కట్టారు. దాదాపు 24 లక్షల యూరోలు వచ్చాయి. రద్దీ ఏమీ తగ్గలేదని విమర్శకులు గొడవ చేశారు. తగ్గాల్సింది రద్దీయేనని వాళ్లు పొరబడి ఉంటారు. 2025లో రోజులను 54కు పెంచి, బుకింగ్‌కు ఆలస్యంగా మేలుకున్నవారికి ధరను 10 యూరోలు చేశారు. తిరుమల ప్రత్యేక ప్రవేశ దర్శనం కోటా విడుదలయ్యే ఉదయాల్లో కంప్యూటర్ ముందు కూర్చుని రాటుదేలిన తెలుగువారికి ఈ బుకింగ్ ఒక లెక్కా? కాకపోతే అక్కడ లడ్డూ అయినా దక్కుతుంది.

అసలు పరీక్ష వీసా దగ్గరే మొదలవుతుంది. యూరప్ దేశాల ఉమ్మడి వీసా అయిన షెంగెన్ దరఖాస్తుకు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల ప్రయాణ బీమా, బ్యాంకు ఖాతా వివరాలు, ఆఫీసు నుంచి సెలవు పత్రం. ఇన్ని కాగితాలూ ఒకే ఒక్క సంగతి రుజువు చేయడానికి: వెళ్లినవాడు తప్పక తిరిగొస్తాడని. ఆ రుజువులన్నీ సమర్పించి వెనిస్ చేరుకుంటే, ఆ నగరానికి గిట్టనివాడు సరిగ్గా సాయంత్రానికల్లా తిరిగి వెళ్లిపోయేవాడే. ఒక కార్యాలయం వెళ్లిపోతానని ప్రమాణం చేయమంటుంది, ఇంకో కార్యాలయం వెళ్లిపోతున్నందుకు రుసుము కట్టమంటుంది.

రాత్రి ఉండిపోతే సరి అని మీరు అనవచ్చు. నిజమే, బస చేసినవారికి ఆ 5 యూరోలు మినహాయింపు. గదితో పాటు వేరే పన్ను కడతారు గనక. ఇందులో మధ్యతరగతికి ఒక వరం కూడా దాగి ఉంది. వెనిస్‌ను ప్రధాన భూభాగంతో కలిపే వంతెనకు ఇవతల, రైల్లో పది పన్నెండు నిమిషాల దూరంలో మెస్త్రే అనే ఊరుంది. వెనిస్ మార్కు కాలువలూ లేవు, గొండోలా పడవలూ లేవు, కిటికీ తెరిస్తే బస్సులు కనిపిస్తాయి. కానీ పురపాలక లెక్కల్లో అది కూడా వెనిసే. అక్కడి హోటల్లో పడుకున్నవాడు చట్టం దృష్టిలో వెనిస్ అతిథి. 2025 జూన్‌లో ఆ నగరంలో పెళ్లి చేసుకున్న అమెరికా కుబేరుడు జెఫ్ బెజోస్ అతిథుల్లో ఊరి హోటళ్లలో దిగినవారికీ, మెస్త్రేలో ఊరగాయ సీసాతో దిగిన మన సుబ్బారావుగారికీ ఈ ఒక్క విషయంలో సంపూర్ణ సమానత్వం. 5 యూరోలు ఇద్దరూ కట్టనక్కర్లేదు.

అయితే పాత నగరంలోనే గది దొరికిందని సంబరపడేవారు రియాల్టో వంతెన దగ్గర ఒక మందుల దుకాణం అద్దం వైపు చూడకపోవడం మంచిది. అక్కడ ఒక చిన్న తెర మీద పాత నగరంలో మిగిలిన నివాసుల సంఖ్య వెలుగుతూ ఉంటుంది. 1951లో 1,75,000 దాకా ఉన్నవారు 2022లో 50,000 కంటే తక్కువకు పడిపోయారు. మరుసటి ఏడాది పర్యాటకుల పడకలు నివాసుల సంఖ్యనే మించిపోయాయని స్థానికుల బృందం ఒకటి లెక్క తేల్చింది. మీరు అద్దెకు తీసుకున్న ఆ ముచ్చటైన పడకగదిలో ఒకప్పుడు ఎవరో పిల్లలకు ఎక్కాలు చెప్పి ఉంటారు. పగటికే వెళ్తే రద్దీ అవుతాం, రాత్రికి ఉంటే ఇల్లు ఖాళీ చేయిస్తాం. నగరపాలక సంస్థకు మాత్రం ఏ వైపు నుంచి చూసినా ఇది ఆదాయం.

గొండోలా సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆడంబరం పెరిగిపోతోందని 16వ శతాబ్దంలో పాలకులు వాటన్నిటికీ నల్లరంగు నిర్బంధం చేశారంటారు. ఆ నిరాడంబరత ఖరీదు ఇప్పుడు అధికారికంగా పగటిపూట అరగంటకు 90 యూరోలు, రాత్రి 7 దాటితే 110. పాట దానికి అదనం. పెద్ద కాలువ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు రేవు పడవలో పర్యాటకులకు 2 యూరోలే. అందులో పాట ఉండదు, ఫోటో దిగేలోపు ఒడ్డు వచ్చేస్తుంది; నా ఓటు దానికే.

ఇక బృందయాత్రలవారికి. పది రోజుల్లో ఏడు దేశాలు చూపించే యాత్రలో వెనిస్‌కు దక్కేది ఒక పూట. సెయింట్ మార్క్ కూడలి మెట్ల మీద కూర్చుని పులిహోర పొట్లం విప్పితే జరిమానా. పావురాలకు మెతుకులు వేయడం 2008లోనే నిషేధించారు. 2024 నుంచి గైడ్లు లౌడ్‌స్పీకర్ వాడకూడదు, ఒక్కో బృందంలో 25 మందికి మించకూడదు. మన బస్సులో నలభై ఐదుగురు కదా, సగం మంది ముందు వెళ్తే మిగిలిన సగం ఏ వంతెన మీదో ఆగుతారులే అనుకోకండి. వంతెనల మీద బృందాలు ఆగడం కూడా అదే నిబంధన కింద నిషిద్ధం.