ఆ పటంలో రంగులు సరే, కింద రాసిందే తప్పు

65 ఏళ్ళు దాటినవాళ్ళలో క్యాన్సర్ మరణాల రేటును రంగుల్లో చూపించే ప్రపంచ పటం ఒకటి గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. అందులో జపాన్, యూరప్, ఉత్తర అమెరికా ఎర్రగా ఉంటాయి, ఆఫ్రికాలో చాలా భాగం ఆకుపచ్చగా ఉంటుంది. కింద రాసింది క్లుప్తంగా ఇదీ: ధనిక దేశాల్లో ముసలివాళ్ళు ఆధునిక జీవితం వల్లే క్యాన్సర్‌తో పోతున్నారు. పాత పద్ధతిలో బతికేచోట ఆ జబ్బే లేదు. ఎర్రగా ఉన్నచోట ఇప్పటి తిండీ నీళ్ళూ విషమయ్యాయి. పరీక్షలు ఎక్కువ చేసేచోటే చావులూ ఎక్కువ, అందుకని 60 దాటాక ఏ పరీక్షల జోలికీ పోవద్దు.

అంకెల మీద నాకు పెద్దగా పేచీ లేదు. వాటికి అంటగట్టిన కారణాలే నిలబడవు. చివర ఇచ్చిన సలహా అయితే ప్రాణాల మీదికి తెచ్చేది. ఆ పటం పంచేవాళ్ళ వాదనలు ఒక్కొక్కటే చూద్దాం.

"65 దాటినవాళ్ళనే పోల్చాం, కనుక వయసు తేడా అన్న వాదన చెల్లదు."

ఇది వినడానికి బాగానే ఉంటుంది. కానీ 66 ఏళ్ళ మనిషీ 88 ఏళ్ళ మనిషీ ఆ లెక్కలో ఒకే గంపలో పడతారు. క్యాన్సర్ విషయంలో ఆ ఇద్దరి మధ్య దూరం చిన్నది కాదు. చాలా రకాల క్యాన్సర్లలో మరణాల రేటు దాదాపు వయసు ఆరో ఘాతంతో పెరుగుతుందని ఆర్మిటేజ్, డాల్ అనే పరిశోధకులు 1954లోనే చూపించారు. మరీ ముదిమిలో ఆ పెరుగుదల కొంత నెమ్మదిస్తుంది. అయినా ఆ లెక్కన వేసుకుంటే 65 ఏళ్ళ వయసులో ఉన్న ప్రమాదం 80కి వచ్చేసరికి మూడున్నర రెట్లు దాకా అవుతుంది. ఇప్పుడు జపాన్ చూడండి. జనాభాలో సుమారు 29 శాతం 65 దాటినవాళ్ళు, ప్రతి పదిమందిలో ఒకరు ఏకంగా 80 దాటినవాళ్ళు. జనాభాలో సగంమంది పదిహేనేళ్ళలోపు పిల్లలే ఉన్న నైజర్ లాంటి దేశంలో 80 దాటినవాళ్ళు ఎంతమంది ఉంటారు? ఒకచోట "పెద్దవాళ్ళు" అంటే ఎక్కువగా అరవైలు, డెబ్బైల్లో ఉన్నవాళ్ళు, ఇంకోచోట వాళ్ళలో దాదాపు మూడోవంతు ఎనభై దాటినవాళ్ళు. ఇద్దరికీ పేరొక్కటే, వయసు వేరు.

అందుకే దేశాలను పోల్చాలంటే వయసు తేడాను సర్దుబాటు చేసిన రేటు వాడతారు. అన్ని దేశాల్లోనూ వయసుల కూర్పు ఒకేలా ఉందనుకుని తిరిగి లెక్కగట్టడం అన్నమాట. సర్దుబాటు లేకుండా జపాన్‌లో ఏటా లక్ష జనాభాకు క్యాన్సర్ మరణాలు 300 దాటుతాయి, ప్రపంచంలోనే పైవరస. సర్దుబాటు చేశాక అదే జపాన్ హంగరీ లాంటి యూరప్ దేశాల కంటే ఎంతో కిందికి దిగిపోతుంది. అప్పుడు పైకి వచ్చే పేర్లలో మంగోలియా ఒకటి. ఎర్ర రంగు ఇల్లు మారుతుంది.

"జపాన్‌లో ప్రతి నాలుగు చావుల్లో ఒకటి క్యాన్సర్‌దే, ఇంకేం రుజువు కావాలి?"

నిజమే, దాదాపు నాలుగోవంతు. కానీ వాటాలన్నీ కలిపితే ఎప్పుడూ నూరే. ఒకటి తగ్గితే ఇంకోటి పెరగక తప్పదు. 1951 నుంచి 1980 దాకా అక్కడ మరణాల్లో మొదటి స్థానం మెదడుకు వచ్చే స్ట్రోక్‌ది. రక్తపోటు అదుపులోకి వచ్చింది, ఉప్పు తగ్గింది, స్ట్రోక్ చావులు బాగా పడిపోయాయి. 1981లో క్యాన్సర్ మొదటి స్థానానికి వచ్చింది. స్ట్రోక్‌తో అరవైల్లో పోవాల్సినవాళ్ళు ఎనభైల దాకా బతికారు. మనిషి ఏదో ఒకదానితో పోవాల్సిందే కదా. దీన్ని ఆధునికత తెచ్చిన శాపంగా చూపించడానికి చాలా ధైర్యం కావాలి.

పచ్చ రంగు గురించి కూడా ఒక మాట. డాక్టరు చూడకుండానే పోయిన మనిషి మరణ పత్రంలో "వృద్ధాప్యం" అని రాస్తే ఆ చావు క్యాన్సర్ పద్దులోకి రాదు. నమోదు సరిగ్గా లేని దేశాలకు పొరుగు దేశాల అంకెలు చూసి అంచనా కడతారు. ఆ పచ్చదనంలో కొంత నిజానికి రంగే వెయ్యకూడని ఖాళీ.

"పాత పద్ధతిలో బతికేచోట క్యాన్సర్ లేదు."

సూటిగా చెప్పాలంటే ఇది అబద్ధం. క్యాన్సర్ మరీ దారుణంగా ఉన్న ప్రాంతాల్లో కొన్ని ఫ్యాక్టరీ పొగ ఎరగని పల్లెలే. ఇరాన్ ఉత్తరాన గొలెస్తాన్, చైనా హెనాన్ రాష్ట్రంలో లిన్షియన్, ఈ రెండుచోట్లా అన్నవాహిక క్యాన్సర్ ప్రపంచంలోనే అత్యధికంగా కనిపించిన పల్లెలున్నాయి. గొలెస్తాన్‌లో సలసల కాగే టీ తాగే అలవాటుకూ ఈ జబ్బుకూ సంబంధం తేలింది. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో బహుశా క్యాన్సర్ కారకాల జాబితాలో పెట్టింది. థాయిలాండ్ ఈశాన్యంలో ఖోన్ కేన్ చుట్టుపక్కల పిత్తనాళ క్యాన్సర్ విపరీతం. తరతరాలుగా పచ్చిగా తినే మంచినీటి చేపల్లోని కాలేయపు పురుగు దానికి మూలం. మంగోలియాలో కాలేయ క్యాన్సర్‌కు కారణం హెపటైటిస్ వైరస్‌లు. నిల్వ ఉంచిన మొక్కజొన్నకూ వేరుశెనగకూ పట్టే బూజులోంచి వచ్చే అఫ్లాటాక్సిన్, హెపటైటిస్ బి ఉన్న మనిషికి మరీ ప్రమాదం. ఏ రసాయన ఎరువూ వెయ్యని పొలంలో పండిన గింజకూ ఆ బూజు పడుతుంది. ఆధునికం కానిదంతా అమృతం అనుకోవడం ఒక మోజు, అంతే.

"ఎర్రగా ఉన్నచోట ఇప్పటి గాలీ నీళ్ళూ తిండీ చెడ్డవి."

పెద్దవాళ్ళ క్యాన్సర్ ఈనాటి కథ చెప్పదు, ఇరవై ముప్పై ఏళ్ళ కిందటి కథ చెబుతుంది. దీనికి చిలీ ఉత్తర తీరాన ఉన్న ఆంటోఫగాస్టాను మించిన ఉదాహరణ లేదు. 1958లో ఆ ఊరికి కొత్త నదుల నీళ్ళు తెచ్చారు. ఆ నీళ్ళలో లీటరుకు 800 మైక్రోగ్రాములకు పైగా ఆర్సెనిక్ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నేటి పరిమితి 10. అది కొండల్లోంచి సహజంగా వచ్చిందే, ఎవరూ కలపలేదు. 1970లో శుద్ధి కేంద్రం పెట్టారు, నీళ్ళు బాగుపడ్డాయి. అయినా మూత్రాశయ, ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు దశాబ్దాల పాటు ఎక్కువగానే ఉన్నాయి. 1990ల్లో ఆ ఊరు పటంలో ఎర్రగా కనిపిస్తుంది, కానీ అప్పుడు కుళాయిలో వచ్చే నీళ్ళలో ఆ పాత మోతాదులో విషం లేదు.

పొగాకూ అంతే. అమెరికాలో పొగతాగడం తగ్గుముఖం పట్టింది 1960ల నడిమధ్య నుంచి. మగవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు శిఖరానికి చేరింది మాత్రం 1990 ప్రాంతంలో. అదే దేశంలో కెంటకీ ఈ క్యాన్సర్‌లో పైన, యూటా అట్టడుగున. యూటాలో మార్మన్ మతస్థులు పెద్ద సంఖ్యలో ఉన్నారు, వాళ్ళకు పొగాకు నిషిద్ధం. రెండు రాష్ట్రాల మధ్య అంత తేడాకు ప్రధాన కారణం సిగరెట్టే. పటం పంచేవాళ్ళు ఆ పేరు ఎత్తరెందుకో.

జిల్లాల స్థాయి పటాలైతే ఇంకా జాగ్రత్తగా చూడాలి. అమెరికాలో కిడ్నీ క్యాన్సర్ మరణాలు అతి తక్కువ ఉన్న కౌంటీలూ జనం పలచగా ఉన్నవే, అతి ఎక్కువ ఉన్నవీ అవే. జనం కొద్దిమందే ఉన్నప్పుడు ఒకటి రెండు చావులకే రేటు గిరగిరా తిరుగుతుంది.

"పరీక్షలు ఎక్కువైన చోటే చావులెక్కువ, 60 దాటాక వద్దు."

ఇందులో ఒక నిజం ఉంది, దాన్ని దాచను. దక్షిణ కొరియాలో స్కానింగులు విచ్చలవిడిగా చేయడంతో 1993 నుంచి 2011కి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణలు 15 రెట్లయ్యాయి, మరణాలు మాత్రం మారలేదు. అవసరం లేని ఆపరేషన్లు జరిగాయి. అయితే గమనించండి, అక్కడ పెరిగింది గుర్తింపు, చావులు కాదు. రొమ్ము క్యాన్సర్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అంచనాలు ఇంకా స్పష్టం. బాగా అభివృద్ధి చెందిన దేశాల్లో జీవితకాలంలో ప్రతి 12 మంది ఆడవాళ్ళలో ఒకరికి ఆ జబ్బు బయటపడుతుంది, 71 మందిలో ఒకరు దానితో చనిపోతారు. వెనకబడిన దేశాల్లో 27 మందిలో ఒకరికే బయటపడుతుంది, కానీ 48 మందిలో ఒకరు చనిపోతారు. జబ్బు తక్కువ, చావు ఎక్కువ. ఆలస్యంగా తెలియడం, తెలిసినా వైద్యం అందకపోవడమే ఈ తేడాకు కారణం.

ఏ లక్షణమూ లేనివాళ్ళకు చేసే స్క్రీనింగ్‌కు వయసు హద్దులు ఉన్న మాట నిజం. అమెరికా నిపుణుల బృందం పేగు క్యాన్సర్‌కు 45 నుంచి 75 దాకా స్క్రీనింగ్ చేయమంటుంది, 76 నుంచి 85 దాకా మనిషిని బట్టి నిర్ణయించుకోమంటుంది. ప్రోస్టేట్‌కు 70 దాటాక వద్దంటుంది. 60కి అన్నీ ఆపేయమని ఎక్కడా చెప్పలేదు. ఇక మూత్రంలో రక్తం పడితే, గడ్డ తగిలితే, మింగడం కష్టమైతే చేయించుకునేది స్క్రీనింగ్ కానే కాదు, దానికి వయసు హద్దే లేదు.

60 దాటాక ఏం చేసినా లాభం లేదన్న ధోరణి కూడా ఆ రాతలో కనిపిస్తుంది. బ్రిటిష్ డాక్టర్లను 1951 నుంచి యాభై ఏళ్ళు గమనించిన అధ్యయనం ప్రకారం, 60 ఏళ్ళకు సిగరెట్ మానేసినవాళ్ళకు కూడా సగటున మూడేళ్ళ ఆయుష్షు కలిసొచ్చింది.