ఈగ బుర్రకు సర్వే రాళ్లు

నిన్న పొద్దున అరటిపళ్ల మీద వాలిన పండు ఈగను కొడదామని చెయ్యెత్తి, మళ్లీ దించేశాను. ఆ బుర్రలో 1,39,255 న్యూరాన్లు (అంటే నాడీకణాలు), వాటి మధ్య 5 కోట్లకు పైగా సినాప్సులు (ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు అందే అతుకులు) ఉన్నాయని 2024 అక్టోబరులో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌ యూనివర్సిటీ వాళ్లు, వాళ్లతో కలిసి పనిచేసినవాళ్లు లెక్క తేల్చారు. మా వీధిలో ఎవరి బుర్రకూ ఇంతవరకు ఇలాంటి లెక్క లేదు. అలాంటప్పుడు చెప్పుతో కొట్టడం మర్యాద కాదు.

గసగసాల గింజంత మెదడు. ఏ న్యూరాను ఎక్కడికి పోతుందో పటం గీయడానికి దాన్ని 7,000కు పైగా పొరలుగా తరిగి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి, 2 కోట్లకు పైగా ఫొటోలు తీశారు. ఇన్ని ఎవరు చూస్తారు? వెనకటికి కేంబ్రిడ్జిలో ఒక నులిపురుగుకున్న 302 న్యూరాన్లనే చేత్తో గీసుకుంటూ పోతే, 1986లో అచ్చయ్యేసరికి పదేళ్లు దాటిపోయాయి. అందుకని ఈగను కంప్యూటరుకు అప్పగించారు.

కంప్యూటరు చురుకైనదే. ఒక్కో న్యూరానుకు ఒక్కో రంగు వేసుకుంటూ పోయింది. కాకపోతే పొర మీద చిన్న మడత పడితే చాలు, దారంలాంటి కొమ్మ అక్కడితో సరి అనుకుంటుంది. తర్వాతి పొరలో అదే కొమ్మకు కొత్త రంగు, కొత్త పేరు. ఇంకోచోట ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోయే రెండింటి మధ్య గోడ మసకగా ఉంటే, పాలివాళ్ల పొలాల మధ్య గట్టు దున్నేసినట్టు రెండింటినీ కలిపేస్తుంది. అలాగే వదిలేస్తే ఈగ కంటితో వాసన చూస్తుందని అచ్చేసుకోవాల్సి వచ్చేది.

అప్పుడు మనిషి గుర్తొచ్చాడు. శాస్త్రవేత్తలు, వాళ్లకు తోడు ఊరికే సాయం చేయడానికి వచ్చినవాళ్లు తెర ముందు కూర్చుని, అతుక్కున్నవి కోసి, తెగినవి అతికారు. ఒక్కరే చేస్తే 33 ఏళ్లు పట్టేంత పని! దీన్నే ఆటోమేటిక్ అంటారు. మా ఊళ్లో తిరిగేది కూడా ఆటోయే, ఎక్కినవాళ్లు దిగి తోస్తే కదులుతుంది.

ఇందులో నాకు కనిపించేది ఉపాధి. మనిషి మెదడులో దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లు. ఈగ రేటు మీద త్రైరాశికం వేశాను, దిద్దుబాటుకు ఒక్కరికి 2 కోట్ల ఏళ్లు వచ్చింది. కలియుగమే మొత్తం 4,32,000 ఏళ్లు. నాలుగేళ్లుగా నోటిఫికేషన్ కోసం కాచుక్కూచున్న మా మేనల్లుడికి ఫోన్ చేసి, పర్మనెంటు ఉద్యోగమంటే ఇదేరా అని చెప్పాను.

"పెన్షన్ ఉంటుందా మామయ్యా?" అన్నాడు.