కవర్ కోసి క్యారియర్‌లో పోశాడు

ఇప్పుడే కర్రీ పాయింట్ నుంచి వచ్చాను. ఒళ్ళు మండిపోతోంది. ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే అన్నం సహించేలా లేదు, అందుకే ఈ పోస్టు.

స్టీలు క్యారియర్ పట్టుకుని వెళ్ళాను. దొండకాయ వేపుడు ఒక గిన్నెలో వేశాడు, అంతవరకు బాగానే ఉంది. సాంబారేమో ముందే కవర్లలో పోసి, మూతికి దారం చుట్టి, టబ్బులో వరసగా పేర్చి పెట్టుకున్నాడు. "బాబూ, కవర్ వద్దు, గిన్నెలో పొయ్యి" అన్నాను. "సరే ఆంటీ" అని ఒక కవర్ తీసి, కత్తెరతో మూల కత్తిరించి, నా గిన్నెలోకి పిండి, ఆ ఖాళీ కవర్ని చెత్తబుట్టలో పడేశాడు. పైగా నవ్వుతూ "ఓకేనా ఆంటీ?" అంటాడు. (ఆంటీ ఏమిటి అసలు? వాడికీ నాకూ పదేళ్ళు కూడా తేడా ఉండదు. దాని మీద వేరే పోస్టు రాస్తాను.) వెనకాల గుండిగలో సాంబారు పొగలు కక్కుతూనే ఉంది. అందులోంచి రెండు గరిటెలు పొయ్యడానికి ఏం రోగం? అడిగితే, కవర్ అయితే కొలత సరిపోతుందట.

ఇంతలో నా వెనక నిలబడ్డ పెద్దమనిషి "కవర్‌కి ఎంత మిగులుతుందమ్మా, అర్ధరూపాయా?" అని జోకేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఇకిలించారు. సాంబారు సంగతి ఎలా ఉన్నా, ఆ అర్ధరూపాయి మాట దగ్గరే నాకు తిక్కరేగింది. సంచీ గిన్నే పట్టుకుని బజారుకెళ్ళే ప్రతివాళ్ళూ డబ్బుల కోసమే పట్టుకెళ్తారని ఈ జనానికి ఎవరు చెప్పారో! పోనీ మిగులుతుందనే అనుకోండి, మిగిలితే ఆయన సొమ్మేం పోయింది?

2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్పూన్లు, స్ట్రాలు, థర్మాకోల్ అలంకరణలు అన్నీ నిషేధం అన్నారు. ఆ ఏడాది ఆఖరికల్లా, క్యారీబ్యాగ్ 120 మైక్రాన్ల కంటే పల్చగా ఉండకూడదని కూడా అన్నారు. మా వీధిలో కొత్తిమీర వేసిచ్చే కవర్ కళ్ళకి అడ్డం పెట్టుకుంటే అవతలి మనిషి మొహం మీద పుట్టుమచ్చ కూడా కనిపిస్తుంది. మైక్రాన్లు కొలిచే నాథుడు ఇటు వచ్చిన పాపాన పోలేదు.

బడిలో నేర్పిస్తున్నారుగా అంటారా? అయ్యో, నేర్పిస్తున్నారు! జూన్ 5న పర్యావరణ దినోత్సవం, పిల్లలందరూ ఆకుపచ్చ టీషర్టు వేసుకుని రావాలని మెసేజ్. ఇంట్లో ఆకుపచ్చది లేకపోతే? కొనాలి. భూమిని కాపాడటానికి పాలిస్టర్ టీషర్టు కొనాలన్నమాట. ఆ తర్వాత 'బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్' ప్రాజెక్టు. మావాడు పాత శుభలేఖలు, అగ్గిపెట్టెలు, పగిలిపోయిన గాజులు ఏరుకుని గాలిమర చేశాడు. కొంచెం వంకరగానే ఉంది, వేస్ట్ కదా మరి. మార్కులు మాత్రం స్టేషనరీ షాపులో కొత్త ఐస్‌క్రీం పుల్లల ప్యాకెట్టు, గ్లిట్టర్, థర్మాకోల్ షీట్ కొనిచ్చిన ఇళ్ళ పిల్లలకి వచ్చాయి. మావాడి డైరీలో "నీట్‌నెస్ లేదు" అని రాశారు.

సరే, ఇవన్నీ బయటివాళ్ళు. ఇంటివాళ్ళ మాటేమిటి?

మా గృహప్రవేశానికి అడ్డాకు విస్తళ్ళు తెప్పించాం. టెంట్‌హౌస్ నుంచి స్టీలు గ్లాసులు అద్దెకి తెచ్చి, కడగడానికి ఇద్దరు మనుషుల్ని పెట్టాం. పేపర్ ప్లేట్లు, చిన్న నీళ్ళ సీసాలు తెప్పించి ఉంటే దీనికంటే తక్కువలో తేలిపోయేది. లెక్కలు రాసిన పుస్తకం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. అయినా మా ఆడపడుచు పంక్తి మధ్యలో నిలబడి, గట్టిగా, "ఇల్లు కట్టేసరికి మా తమ్ముడి చేతిలో డబ్బులన్నీ అయిపోయాయి పాపం, నీళ్ళ సీసాలక్కూడా మిగల్లేదు" అంది. మా నాన్న ఆ పంక్తిలోనే కూర్చున్నారు. పప్పన్నం కలుపుతున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆయన ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు, ఇంటికొచ్చిన ఆడపడుచు కదా!

ఆవిడ కొడుకు పంచెల ఫంక్షన్ సంగతి వినండి మరి. మనిషికో పావు లీటరు సీసా. భోజనాలయ్యాక టేబుళ్ళ నిండా రెండు గుక్కలు తాగి వదిలేసినవే, కొన్నిట్లో చెయ్యి తుడుచుకున్న పేపర్లు కుక్కి ఉన్నాయి. రిటర్న్ గిఫ్టు ఇచ్చిన సంచి మీద ఆకుపచ్చ చెట్టు బొమ్మ, కింద 'సేవ్ ఎర్త్'. ఆ సంచి చూడటానికి గుడ్డలా ఉంటుంది గానీ అదీ పాలీప్రొపిలీనే, అంటే ప్లాస్టిక్కే. దాని ఫొటో స్టేటస్‌లో పెట్టుకుంది, 'మా వంతుగా' అని! మా ఇంట్లో పంక్తిలో నవ్విన చుట్టాలే దానికి చప్పట్ల బొమ్మలు పెట్టారు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊరికే అన్నారా?

మా అత్తగారు పాత చీరలతో బొంతలు కుట్టేవారు. ఎంత మెత్తగా ఉంటాయో! హాస్టల్‌కి వెళ్ళేటప్పుడు ఒకటి ఇస్తే మా ఆడపడుచుకి నామోషీ అయి మంచం మీదే వదిలేసి వెళ్ళిందట. మొన్న పాత చీరలతో కుట్టిన దుప్పటే ఆన్‌లైన్‌లో నాలుగు వేలు పెట్టి తెప్పించుకుంది. మా అత్తగారు కుట్టిన బొంత మీద ఇప్పుడు మావాడు పడుకుంటున్నాడు, అది వేరే సంగతి.

ఆదివారం వాళ్ళింట్లో వ్రతం. "నువ్వు మాత్రం నోరెత్తకు" అని మా ఆయన పొద్దుటినుంచీ బతిమాలుతున్నాడు. నేనెందుకు ఎత్తుతాను? ఆవిడ మళ్ళీ నీళ్ళ సీసాల ఊసెత్తితే తప్ప. ఎందుకైనా మంచిదని ఆ లెక్కల పుస్తకం హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టేసుకున్నాను.